కుళాయి దగ్గితే అదృష్టమే!

మీ పాత క్యాంపర్ వ్యాన్‌లో కుళాయి నీళ్ళకు బదులు గాలి కక్కుతోందా? మీ పంట పండిందన్నమాటే! దయచేసి ఎవరికీ చెప్పకండి. వచ్చి బాగుచేసేస్తారు.

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. వెనకాల మంచం, పొయ్యి, సింకు ఉన్న ముప్ఫై ఏళ్ళనాటి బండి మాది. నర్సుగా పనిచేసే మా ఆవిడకు నాలుగేళ్ళకు ఒక్క వారం సెలవు దొరికింది. సముద్రం చూడాలని ఆవిడ కోరిక. బయల్దేరే రోజు పొద్దున కుళాయి తిప్పితే ఖళ్ళుఖళ్ళున దగ్గింది.

"ఒక్క గంటలో చూసేస్తాను," అన్నాను.

ఆహా, ఏం గంట! మూడు రోజులు నడిచింది. మొదటిరోజు నీళ్ళ మోటారు మార్చాను. రెండోరోజు కుళాయి మార్చాను. మూడోరోజు అలమర ఊడదీసి, అది చాలక మంచం కూడా ఊడదీశాను. ఏ జిమ్‌లో దొరుకుతుందండీ ఇంత వ్యాయామం? సింకు కింద దూరిన మగవాడిని కూరగాయలు తెమ్మని ఎవరైనా అడగగలరా? పక్కింటాయన వచ్చి తల పంకించి, ట్యాంకే మార్చాలని తేల్చేశాడు. ఆయనకు సైకిల్ కూడా లేదు, అయినా ఎంత శ్రద్ధ!

మా ఆవిడ మాత్రం సర్దిన సంచీ మీద కూర్చుని వేళ్ళు మడిచింది. "ఇంక నాలుగు రోజులేనండీ. నన్నోసారి చూడనివ్వండి."

"ఇది నీకు తెలిసే పని కాదు," అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకూ మనసు చివుక్కుమంది. అయినా స్పానర్ పట్టినవాడు వెనక్కి తగ్గుతాడా!

నాలుగోరోజు కొత్త గొట్టం కోసం ఊరంతా గాలించి సాయంత్రానికి ఇల్లు చేరాను. బండి లేదు! వెంటనే మా ఆవిడకు ఫోన్ చేశాను.

"ట్యాంకు నుంచి మోటారుకొచ్చే గొట్టం దగ్గర క్లిప్పు వదులైందండీ, అక్కడ గాలి పీలుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో రెండు తిప్పులు తిప్పానంతే. మా అక్కను పిలిపించుకుని మంచం ఇద్దరం బిగించేశాం."

"నీకెలా తెలిసింది?"

"సెలైన్ గొట్టంలో బుడగ కనిపిస్తే మేం ముందు అతుకు చూస్తాం. మంచం ఊడదీయం."

"మరి నన్ను వదిలేసి వెళ్ళిపోతావా?"

"ఆరుసార్లు ఫోన్ చేశాను. పనిలో ఉన్నాను, విసిగించకు అన్నారు." వెనకాల మా వదిన నవ్వు, అలల హోరు.

పాఠకులారా, గొట్టాలు ఎప్పటికైనా బాగవుతాయి. పని తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మూడు రోజులు ఒక్క మాట అడగని మొగుడిని బాగుచేసే మెకానిక్ మాత్రం ఎక్కడున్నాడో నాకు తెలియదు.

ఇంతకీ, సముద్రానికి ఆఖరి బస్సు ఎన్నింటికో మీలో ఎవరికైనా తెలుసా?