గారు లేని కారు

ఆ ఉదయం భూతద్దం వేసుకున్న పథకం చాలా చిన్నది. కారుకి చివరి మరక అద్దడం, ఫొటో తీయడం, పెట్టెలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లడం, సాయంత్రం అటునుంచి అటే బొమ్మ కార్ల ప్రదర్శనకి పట్టుకెళ్లి బహుమతి తెచ్చుకోవడం. ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదు. కొంపలు ముంచేవి ఇలాంటి పథకాలేనని, ఏళ్ల తరబడి ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తున్న మనిషికి తెలిసి ఉండాల్సింది.

భూతద్దం అన్నది ఆఫీసువాళ్లు ప్రేమగా పెట్టిన పేరు. ప్రేమ అంటే మరీ ప్రేమేం కాదు. దెబ్బతిన్న కార్ల క్లెయిములు పరిశీలించడం అతని ఉద్యోగం. జనం ఏడుస్తూ పంపిన ఫొటోల మీద భూతద్దం పెట్టి, "ఈ సొట్ట పాతది", "ఈ గీత మేకుతో గీసింది" అని తేల్చి, చిరునవ్వుతో సంతకం పెట్టేవాడు. ఇంటికొచ్చాక అదే అద్దాన్ని పట్టీతో నుదుటికి కట్టుకుని, అరచేతిలో ఇమిడే కార్లు తయారుచేసేవాడు. పగలంతా నిజం కార్ల దెబ్బలు అబద్ధమని నిరూపించడం, సాయంత్రం అబద్ధం కార్లకి నిజంలాంటి దెబ్బలు తగిలించడం. మనిషికి జీవితంలో సమతూకం ఉండాలి కదా.

"ఏమండీ, ఉప్పు డబ్బా మళ్లీ ఆ గదిలోకే వెళ్లిందా?" వంటింట్లోంచి శ్రీమతి అడిగింది.

"తుప్పుకి కావాలోయ్."

"కూరకి కూడా కావాలి."

తుప్పుకి ఉప్పెందుకో భూతద్దం ఆవిడకి ఎన్నోసార్లు వివరించాడు, ఆవిడ ఒక్కసారీ వినలేదు. కారు బొమ్మకి ముందు తుప్పు రంగు వేయాలి. దాన్ని కాస్త తడిపి గల్లుప్పు చల్లాలి. పైన అసలు రంగు పల్చగా పిచికారీ కొట్టాలి. ఆరాక ఉప్పు రాల్చేస్తే, రాలినచోటల్లా పెచ్చులూడి తుప్పు బయటపడ్డట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత తలుపు సందుల్లోకి సన్నటి కుంచెతో నల్లరంగు నీళ్లు వదిలితే, ఏళ్ల నాటి మురికి నిమిషంలో తయారు.

"గుర్తుందిగా? ఈసారి కూడా ఉత్త చేతులతో వస్తే రేపట్నుంచి నా మిషను ఆ గదిలో ఉంటుంది" అంది శ్రీమతి.

గుర్తుండక ఏం? ఆవిడ బట్టలు కుడుతుంది. హాల్లో మిషను, సోఫా మీద జాకెట్లు, డైనింగ్ టేబుల్ మీద కత్తిరింపులు. ఇంట్లో ఉన్న ఒక్క అదనపు గదిలో భూతద్దం, అతని రంగులు. ఈసారి ప్రదర్శనలో బహుమతి వస్తే గది అతనిది, రాకపోతే ఆవిడది. ఆ ఒప్పందం మామగారి సమక్షంలో జరిగింది. "పిల్లకాయ ఆటలకి గదెందుకయ్యా?" అని మామగారు తన తీర్పు అప్పుడే చెప్పేశారు.

అందుకే భూతద్దం ఈసారి మామగారి కారునే ఎంచుకున్నాడు. నిజానికి అది మీగడ రంగులో మిలమిలలాడే పాతకాలపు కారు. మామగారు పెద్దకూతురి ఊరికి వెళుతూ దాన్ని వీళ్లింటి ఆవరణలో వదిలి, కవరు కప్పి, తాళ్లు కట్టి, "చెయ్యి వెయ్యొద్దు, కవరు తియ్యొద్దు" అని చెప్పి వెళ్లారు. కూతుర్ని అప్పగించినప్పుడు కూడా ఆయన ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు. పెళ్లయిన నాటినుంచీ ముట్టుకోనివ్వని కారుని అరచేతిలో పెట్టుకుని, తలుపు తలుపుకీ తుప్పు పట్టించడంలో ఉన్న సుఖం అల్లుళ్లకే తెలుస్తుంది. నెంబరు ప్లేటు మీద అంకెలు కూడా అవే రాశాడు.

కారుని ప్రహరీగోడ మీద పెట్టాడు. ఫోను కెమెరాని దాని ఎత్తుకి దించి, వెనక వీధి, కరెంటు స్తంభం కనపడేలా ఫొటో తీశాడు. చూస్తే సాక్షాత్తు మామగారి కారే, చెత్తకుప్ప పక్కన అనాథలా పడున్నట్టుంది. భూతద్దం కళ్లు చెమర్చాయి.

ఆ ఫొటో వెంటనే చూడాల్సిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. రంగుల కొట్టు నడిపే స్నేహితుడు. చుట్టరికం ఏమీ లేదు, చనువు కొద్దీ మామా అంటే మామా అని పిలుచుకుంటారు. ఫోనులో కూడా 'మామ' అనే ఉంటాడు. దాని కిందే 'మామగారు' ఉంటారు. నుదుటికి కట్టిన అద్దాన్ని కళ్లమీంచి తీయకుండానే భూతద్దం ఫోను చూశాడు. అద్దంలో 'మామ' అన్న రెండక్షరాలు ఇంత లావున కనిపించాయి. 'గారు' అద్దం అంచు అవతలికి జారిపోయింది.

ఫొటో పంపి, దానికి తోడు గొంతు కూడా రికార్డు చేసి పంపాడు. "మామా, ముసలాడి కారు ఎలా అయిందో చూడు! రంగంతా ఊడగొట్టేశా. తలుపులకి తుప్పు పట్టించా. బంపరు కొవ్వొత్తి సెగకి పెట్టి వంచేశా. ముందు ఇంకో సొట్ట పెడదామా? నువ్వేమంటావు? ఇంటిదానికి మాత్రం చెప్పకు."

తర్వాత ఈల వేసుకుంటూ ఆఫీసుకి వెళ్లి, ఫోను ఆపేసి సొరుగులో పడేశాడు. పని వేళల్లో క్లెయిముదారుల శోకాలు వినకూడదని అతని నియమం.

ఆ పూట ఇంటి దగ్గర జరిగింది అతను చూడలేదు గానీ, ఆ తర్వాత దాన్ని ఎంతమంది ఎన్నిసార్లు వినిపించారంటే, చూసినట్టే లెక్క.

"అమ్మాయ్, మీ ఆయన నన్ను నువ్వు అన్నాడు!" ఫోన్లో మామగారు మొరపెట్టుకున్నారు.

"ఏమైంది నాన్నా?"

"ముసలాడు అన్నాడు. మామా అన్నాడు, గారు కూడా లేదు!"

"అసలేం జరిగింది?"

"ఆ... కారు కూడా నాశనం చేశాడు."

నాన్న పంపిన ఫొటో చూసి, గొంతు విని, శ్రీమతి కుర్చీలో కూలబడింది. గొంతు మొగుడిదే. నెంబరు నాన్న కారుదే. వెనక వీధి తమదే. బొమ్మలతో మొదలైన అలవాటు ఏదో ఒకరోజు పెద్ద కార్ల దాకా పోతుందని తనే ఊహించాల్సింది. నాలుగు సార్లు ఫోను చేసింది, పలకలేదు. ఆవరణలోకి పరుగెత్తి కవరు మీద చెయ్యి వేసింది. ఎత్తి చూసే ధైర్యం చాలక చెయ్యి తీసేసింది. ఆ ధైర్యం ఒక్క క్షణం చేసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

"నేను బయల్దేరి వస్తున్నా. సాయంత్రానికి అక్కడుంటా. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పేశా" అన్నారు మామగారు.

ఆయన వచ్చేలోగా కారు బాగుచేయించి కాపురం నిలబెట్టుకోవాలని శ్రీమతి నిశ్చయించుకుంది. పేరున్న షెడ్డు మెకానిక్‌కి ఫోను చేసింది. అతను మనుషుల్ని పంపి, కారుని కవరుతో సహా లాక్కెళ్లాడు. ఆవిడ ఫొటో పంపి, "ఫొటో చూసి పని మొదలుపెట్టండి" అని చెప్పింది.

మెకానిక్ కవరు తీశాడు. అద్దంలా మెరుస్తున్న కారుని చూశాడు. ఫొటోలో తుప్పు కారుని చూశాడు. తల గోక్కుని ఫోను చేశాడు.

"అమ్మా, ఫొటోలో ఉన్నట్టే కదా?"

"అచ్చం ఫొటోలో ఉన్నట్టే! నాకు తెలుసు బాబూ, మళ్లీ మళ్లీ అడిగి నన్ను ఏడిపించకండి."

"అది కాదమ్మా, ఇంత మంచి కారు..."

"మంచి కారే! ఎంత మంచి కారో నాకు తెలీదా? సాయంత్రానికల్లా అయిపోవాలి, అంతే."

సినిమావాళ్లయి ఉంటారు అనుకున్నాడు మెకానిక్. ఒక గౌరవమైన పని దొరికినందుకు సంతోషించి, సుత్తులు, గ్యాసు మంట, గరుకు కాగితం, తుప్పు రంగులతో షెడ్డులో ఉన్నవాళ్లందరినీ కారు మీదికి దించాడు.

ఇక్కడ ఆఫీసులో మధ్యాహ్నం మేనేజరు ఒక ఫొటో తెచ్చి భూతద్దం బల్లమీద పడేశాడు.

"ఎవరో పెద్దాయన ఫోను చేశాడయ్యా. అల్లుడే కారుని ధ్వంసం చేశాడట. నాకైతే నిజమే అనిపిస్తోంది. నువ్వొకసారి చూడు."

భూతద్దం అద్దం పెట్టి చూశాడు. మామ ఎవరో మామగారు ఎవరో ఆ క్షణంలో తెలిసొచ్చింది. అయితే పనివాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? భయానికంటే ముందు కంటికి ఇంకొకటి తగిలింది. ఎడమ తలుపు మీద తుప్పు కిందికి కారాల్సింది పోయి పైకి పాకింది! బొమ్మని తలకిందులుగా ఆరబెట్టిన పాపం. ఇన్నాళ్లూ తన కంటబడనే లేదు.

"సార్, ఇది బొమ్మ" అన్నాడు నీరసంగా.

"బొమ్మేంటయ్యా? ఆ తుప్పు చూడు, ఆ బంపరు చూడు! నా సర్వీసులో ఇంత నిఖార్సయిన తుప్పు చూడలేదు. మంజూరు చేసేద్దాం."

తన పనితనాన్ని ఇంతగా మెచ్చుకున్న మొదటి మనిషిని భూతద్దం కౌగిలించుకోవాలనుకున్నాడు. కానీ లేని నష్టానికి మామగారు పరిహారం పుచ్చుకుంటే ఇరుక్కునేది అల్లుడు. అందుకని పెట్టె తెరిచి బొమ్మ చూపించాడు. మేనేజరు నోరెళ్లబెట్టాడు. భూతద్దం తన జీవితంలోకెల్లా అందమైన నివేదిక రాశాడు. 'ఫొటోలో ఉన్నది బొమ్మ. అసలు కారు మా ఇంటి ఆవరణలో ఒక్క గీతైనా పడకుండా క్షేమంగా ఉన్నది. క్లెయిము తిరస్కరించడమైనది.' కింద సంతకం, సంతకం మీద ముద్ర. సొరుగులోంచి ఫోను తీసి ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే ఏం, సాయంత్రం కవరు ఎత్తి చూపిస్తే నవ్వుకుంటారులే అని ప్రదర్శనకి బయల్దేరాడు.

ఎత్తడానికి శ్రీమతి ఇంట్లో లేదు. తండ్రిని వెంటబెట్టుకుని షెడ్డులో ఉంది.

"ఇదేం బాగుచేయడమండీ?" అంటోంది.

"బాగుచేయడమా?" మెకానిక్ ఫొటోని కారు పక్కన పట్టుకున్నాడు. "మీరే చూడండమ్మా, వెంట్రుకవాసి తేడా ఉంటే చెప్పండి. ఈ ఎడమ తలుపు తుప్పు మరీ ఏడిపించింది. లోకంలో ఏ తుప్పయినా కిందికి కారుతుంది, ఇది పైకి పాకింది. అయినా వదల్లేదు."

విషయం బోధపడడానికి వాళ్లకి కొంచెంసేపు పట్టింది. బోధపడ్డాక మామగారు కారెక్కి కూర్చుని, "అతగాడు ఎక్కడున్నాడో అక్కడికి పోనీ" అన్నారు కూతురితో.

ప్రదర్శనశాలలో న్యాయనిర్ణేత, ఎర్ర టై కట్టుకున్న సన్నటి మనిషి, భూతద్దం కారు ముందు ఆగి పెదవి విరిచాడు.

"పనితనం బాగుంది. కానీ తుప్పు చూడండి, పైకి పాకింది. ఇలాంటి కారు లోకంలో ఉండదండీ. సహజత్వం లేదు."

గది పోయింది. కళ్లముందు తన రంగుల బల్ల మీద జాకెట్ల గుట్టలు కదిలాయి. నిజంగానే ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడు బయట ఏదో నేలమీద ఈడ్చుకుంటూ వచ్చిన చప్పుడైంది. వేలాడే బంపరుతో, పెచ్చులూడిన మీగడ రంగుతో మామగారి కారు గుమ్మం ముందు ఆగింది. న్యాయనిర్ణేత కిటికీలోంచి చూశాడు. బొమ్మని చూశాడు. బొమ్మని చేతిలో పట్టుకుని బయటికి పరుగెత్తాడు. నెంబరు అదే. సొట్ట అదే. ఎడమ తలుపు మీద తుప్పు పైకి పాకి ఉంది.

"క్షమించాలి. ఇలాంటి కారు ఉందని నాకు తెలియదు" అని భూతద్దం రెండు చేతులూ పట్టుకున్నాడు. "మొదటి బహుమతి మీదే!"

చప్పట్లు మోగాయి. ఆ మోతలో మామగారు అల్లుడి దగ్గరికొచ్చి, "మామా అను. ఇంకోసారి మామా అను, వింటాను" అన్నారు.

"మామయ్యగారూ... మీరు... తమరు..." అన్నాడు భూతద్దం, తెలిసిన మర్యాదలన్నీ ఒకేసారి వాడేస్తూ.

ఒప్పందం ప్రకారం గది భూతద్దం గెలుచుకున్నాడు. కారు మళ్లీ మనిషయ్యేదాకా ఊరు కదలనని మామగారు ఆ గదిలోనే మంచం వేయించుకున్నారు. మొదట్లో రంగుల వాసనకి తిట్టేవారు. తర్వాత ఏమీ తోచక బొమ్మ కారుని చేతిలోకి తీసుకుని, "దీన్ని కొన్నరోజు ఎలా మెరిసిందో నీకేం తెలుసయ్యా" అంటూ తుప్పు గోకడం మొదలుపెట్టారు. ఇప్పుడు నుదుటికి అద్దం ఆయన కట్టుకుంటున్నారు, రంగు ఆయన పిచికారీ కొడుతున్నారు, లోపల దుమ్ము లేస్తుందని అల్లుణ్ణి గుమ్మం దాటనివ్వడం లేదు. భూతద్దం హాల్లో కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని, భార్య కత్తిరించిన ముక్కలకి బొత్తాలు అందిస్తున్నాడు.

మామగారు పెట్టుకున్న రెండో క్లెయిము, బంధుత్వం కారణంగా, భూతద్దం చేతికింద పని నేర్చుకున్న ఉద్యోగిని బల్లమీదికి చేరింది. ఆవిడ గురువుగారి పాత నివేదికని పక్కన పెట్టుకుని, ప్రతి మరకనీ అనుమానిస్తోంది. పాపం ఆ పెద్దాయన కారు కళ్లారా చూశానని, వెంటనే మంజూరు చేయమని రోజూ ఆవిడ బల్ల దగ్గర బతిమాలుతున్నది ఆఫీసు మొత్తమ్మీద ఒక్క భూతద్దమే.