'గట్ల' భాషకు ఓపెనింగ్

మన రాష్ట్రానికి సొంతంగా ఒక కంప్యూటర్ భాష ఉందనీ, దాని పేరు 'గట్ల' అనీ, అది పుట్టిన నాటి నుంచి ప్రపంచం కన్నార్పకుండా మనవైపే చూస్తోందనీ భాషా వికాస మంత్రిగారు మొఘల్‌పురా కమ్యూనిటీ హాల్లో ప్రకటించారు. అంతలో కరెంటు పోయింది. మిగతాది మంత్రిగారు మైకు లేకుండానే ప్రకటించారు. అలాంటి గొంతు ఉండబట్టే ఆయన అంత పైకి వచ్చారు.

గట్ల పూర్తిగా ప్రభుత్వ సొత్తు. దాన్ని వాడుకోవడానికి ప్రైవేటు దుకాణాలకు ఇచ్చిన లైసెన్సులన్నీ నెలాఖరుతో ముగుస్తాయి. కావలసినవాళ్లు గట్ల సంస్థకు వచ్చి మళ్లీ తీసుకోవచ్చు.

ముందు వరుసలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు వైకుంఠం. వార్డులో పార్టీ అధ్యక్షుడు. కొట్టడం అయిపోయాక, తన దుకాణం కూడా ప్రైవేటుదేనని అతనికి గుర్తొచ్చింది.

పురానాపూల్ దగ్గర అతనిది పూజా సామాను హోల్‌సేల్ దుకాణం. ఏ అరలో ఏ అగర్‌బత్తీ పెట్టె ఉందో అతనికి తెలియదు, కంప్యూటర్‌కు తెలుసు. ఆ ప్రోగ్రాం రాసిపెట్టింది ఇంజనీరింగ్ చదివే అక్క కూతురు ఆశ్రిత. గట్లలో రాయడం తేలిక. 'గిట్లయితే' అని ఒక సంగతి చెప్పి, 'గట్ల చెయ్' అని ఇంకో సంగతి చెబితే చాలు. కర్పూరం తగ్గితే మామకు చెప్పమంది. కంప్యూటర్ చెబుతూ వస్తోంది.

ఇప్పుడు బోనాలు దగ్గర పడ్డాయి. ఈ సమయంలో కంప్యూటర్ ఆగిపోతే ఆర్డర్లన్నీ ఎదురు దుకాణం పింటూ సేఠ్‌కు పోతాయి. వైకుంఠం మర్నాడే సంస్థకు పరుగెత్తాడు.

గట్ల సంస్థ ఎండీ శ్రీనాథ్ గారు అంతకుముందు మత్స్యశాఖలో ఉండేవారు. చేపల మీద ఆయనకున్న పట్టు చూసి ప్రభుత్వం కంప్యూటర్ భాషను ఆయన చేతిలో పెట్టింది.

"రెన్యూవల్‌కేం, చేస్తాం," అన్నారాయన. "ఒక్క అండర్‌టేకింగ్ ఇవ్వండి. 'గిట్ల', 'గట్ల' అనే రెండు పదాలూ సంస్థ ప్రాపర్టీ. వాటిని మీ కంప్యూటర్ వాడుకోవచ్చు. మీరు వాడకూడదు."

"అంటే నేను మాట్లాడొద్దా సార్?"

"హాయిగా మాట్లాడండి. ఆ రెండూ లేకుండా."

"గట్లెట్ల సార్!"

శ్రీనాథ్ గారు బాధగా కళ్లు మూసుకున్నారు. "చూశారా? నా ఎదుటే వయొలేషన్. నెలాఖరు దాకా మీ కాండక్ట్ చూస్తాం."

ఆ రోజు నుంచి వైకుంఠం నోరు కట్టేసుకున్నాడు. అన్నం తింటూ కూడా చేతులతోనే మాట్లాడాడు. భార్య వాసవాంబ ఓపిక పట్టి పట్టి చారు గిన్నె కింద పెట్టింది.

"ఉప్పు సరిపోయిందా అంటే గిట్ల చెయ్యి తిప్పుడేంది? నోరు పడిపోయిందా?"

వైకుంఠం లేచి కిటికీ మూశాడు. "మెల్లగనవే. ఆ మాట సర్కారుది."

"ఏ మాట?"

"చెప్పరాదు."

"గట్లనా! మా అమ్మ అన్నది, మా నాయనమ్మ అన్నది. సర్కారు ఎన్నడు కొన్నది?"

పక్కన కూర్చున్న ఆశ్రితకు నవ్వాగక పొలమారింది. నీళ్లు తాగి అంది: "మామా, ఫికర్ చెయ్యకు. ఆ భాషను ఓపెన్ సోర్స్ చెయ్యమని మంత్రిగారిని అడుగు."

"అంటే?"

"దాన్ని లోపల ఎట్ల తయారుచేసిన్రో, ఆ రాతంత అందరికి ఇచ్చేస్తరు. ఎవరన్న వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. లైసెన్సు లొల్లే ఉండదు."

"అట్ల చెప్పు! ఓపెనింగ్ అన్నమాట."

"ఓపెనింగ్ కాదు మామా, ఓపెన్."

"రిబ్బన్ ఉండదా?"

"ఉండదు."

"రిబ్బన్ లేకుంట ఏది ఓపెన్ అయింది బిడ్డా, ఇప్పటిదాంక?"

మామ రాజకీయ అనుభవం ముందు ఆశ్రిత ఇంజనీరింగ్ నిలవలేదు.

వైకుంఠం అర్జీ పట్టుకుని వెళితే, మంత్రిగారి దగ్గర శ్రీనాథ్ గారు గట్టిగా అడ్డుపడ్డారు. "సార్, గట్ల ప్రజల ఆస్తి. తీసుకెళ్లి ప్రజలకు ఇచ్చేస్తే ఎలా?"

మంత్రిగారికి ఈ వాదన బాగా నచ్చింది. ఫైలు పక్కన పెట్టేయబోయారు. వైకుంఠం ధైర్యం చేసి, "సార్, దానికి ఓపెనింగ్ ఇంక కాలేదు," అన్నాడు.

మంత్రిగారి చెయ్యి ఆగిపోయింది.

"కాలేదా? మరి ఇన్ని దినాలు ఎట్ల నడుపుతున్నరయ్యా? ఓపెన్ చెయ్యని ఫ్లైఓవర్ మీద ఎవడన్న బండ్లు పోనిస్తడా? గుద్దుకోని సస్తే ఎవడు జవాబ్దారి?"

"సార్, ఓపెన్ సోర్స్ అనేది..." అని శ్రీనాథ్ గారు మొదలుపెట్టారు.

"మీరేం చెప్పకుర్రి. శుక్రవారం నేనే వస్త. సోర్సు స్టేజీ మీద ఉండాలె. దండ గూడ."

శుక్రవారం సోర్సు స్టేజీ మీదే ఉంది. వెండి పళ్లెంలో ఎర్ర మఖ్మల్ గుడ్డ, దాని మీద పెన్‌డ్రైవ్. దండ దానికి పెద్దదైపోవడంతో మంత్రిగారికే వేశారు. కంప్యూటర్ చుట్టూ రిబ్బన్. కత్తెర పళ్లెం పట్టుకునే గౌరవం వైకుంఠానిది. ఇంకాసేపట్లో తన దుకాణం గట్టెక్కుతుందన్న సంతోషంలో అతను కత్తెరకు కూడా బొట్టు పెట్టాడు.

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, సోర్సులో మొదటి వాక్యాన్ని జాతి వినాలన్నారు. చదవడానికి ఆశ్రితను పిలిచారు. ఆమె పెన్‌డ్రైవ్ పెట్టింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఆశ్రిత ఒకసారి తెరను, ఒకసారి శ్రీనాథ్ గారిని చూసింది. ఆయన సీలింగ్ ఫ్యాన్‌ను చూస్తున్నారు.

"చదువు బిడ్డా. తెలుగుల చెప్పు, సిగ్గుపడకు," అన్నారు మంత్రిగారు.

ఆశ్రిత చదివింది. "'పోలెండ్ దేశంలో మేము కొందరు కాలేజీ మిత్రులం కలిసి ఈ భాషను తయారుచేశాం. ఎవరైనా ఉచితంగా వాడుకోండి, మార్చుకోండి, పదిమందికీ పంచండి. ఈ నాలుగు మాటలు మాత్రం తీసేయకండి.'"

"ఎన్నటిదది?"

"నేను పుట్టకముందుది సార్. మనోళ్లు ఇఫ్ ఉన్నకాడ గిట్ల, దెన్ ఉన్నకాడ గట్ల పెట్టిన్రు. మిగతాదంత వాళ్లదే."

మంత్రిగారు నిదానంగా లేచి మైకు అందుకున్నారు.

"చూసిన్రా! ఓపెన్ చేసి ఇంక చాయ్ గూడ తాగలే, అప్పుడే మన గట్ల పోలెండ్ దాంక పోయింది!"

హాలు దద్దరిల్లింది. శ్రీనాథ్ గారు కూడా ఫ్యాన్‌ను వదిలిపెట్టి చప్పట్లు కొట్టారు. అవి ఆగేలోపు మంత్రిగారి ముఖం మారింది.

"ఇంత జల్ది ఎత్తుకపోయిన్రంటే, రేపటికి మనకేం మిగుల్తది? బంద్ చెయ్యిర్రి!"

"ఎలా సార్?" అన్నారు శ్రీనాథ్ గారు. "రిబ్బన్ కట్ అయిపోయింది కదా."

"మళ్ల కట్టుర్రి."

ఆ గౌరవం కూడా వైకుంఠానికే దక్కింది. వంగి రెండు ముక్కలూ దగ్గరికి లాగుతుంటే అతనికి కన్నీళ్లు వచ్చేట్టున్నాయి. సాయం పడుతున్నట్టు ఆశ్రిత పక్కన కూర్చుంది.

"మామా, పోలెండోళ్లది నా ఫోన్ల దించుకున్న. ఫ్రీగనే ఉంది. ఇయ్యాలనే దుకాణంల పెడత. గిట్ల, గట్ల తీసేసి ఇఫ్, దెన్ రాస్త, అంతే."

"మెల్లగ అను," అన్నాడు వైకుంఠం అటూ ఇటూ చూసి. "ఇఫ్ మీద ఎవరికన్న హక్కున్నదా?"

"ఎవరికి లేదు."

వైకుంఠం ముఖం వెలిగిపోయింది. ఆ హుషారులో ముడి మీద ముడి వేశాడు.

"గట్టిగ పడ్డదా వైకుంఠం?" అని అడిగారు మంత్రిగారు.

"విప్పినా రాదు సార్."

గట్లను మూసివేసినట్టు మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అప్పుడు వెనక నుంచి ఫొటోగ్రాఫర్ చెయ్యెత్తాడు.

"సార్, కడుతున్నప్పుడు మీరు ఫ్రేములో లేరు. ఇంకొక్కసారి సార్!"

మంత్రిగారు వంగి ముడిని లాగి చూశారు. రాలేదు. కత్తెర అడిగారు.