కొండగుంట బాటరీల మన్నిక

కొండగుంట గ్రామంలో ఇకమీదట చీకటి ఉండదని పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు జగన్మోహనరావు గారు ఖద్దరు ఉత్తరీయం సర్దుకుని ప్రకటించారు. స్వరాజ్యం వచ్చిన రెండో ఏడు, రసాలు కోతకొచ్చిన రోజులు. తోటల్లో కాయలు కోస్తున్నవాళ్లను కూడా పని ఆపించి బోర్డు ఆఫీసు ముందుకు పిలిపించారు. ప్రభుత్వంవారు పంపిన అత్యవసర టార్చి లైటును ప్రెసిడెంటుగారు రెండు చేతులతో పైకెత్తి నాలుగు దిక్కులకూ చూపించారు. అది మూరెడు పొడవుంది. ఎండకి తళతళలాడింది.

ఆ లైటు ఊరికి వచ్చింది మంత్రసాని మంగమ్మ మూలంగా. నిరుడు వానల్లో ఒక పురుటికి వెళ్తూ ఆమె చాట్రాయి దారిలో కాలవగట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. అయినా మంచం మీద మోయించుకుని వెళ్లి పురుడు పోసి వచ్చింది. ఆ సంగతి ఎవరో పేపరుకి రాశారు. పేపరు చదివి పై ఆఫీసువాళ్లు లైటు పంపించారు. అందుకని మంగమ్మ ముందు వరసలో నిలబడి, చేతికి ఇస్తారేమోనని చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

ఇవ్వలేదు. లైటులో బాటరీలు లేవు. దీర్ఘకాలం మన్నే బాటరీలను స్థానికంగా ఎంపిక చేసుకోవలసిందని దాంతోపాటు వచ్చిన కాగితంలో ఉంది. ప్రెసిడెంటుగారు ఆ ముక్క రెండుసార్లు చదివారు. ఎంపిక అన్నాక కమిటీ లేకపోతే ఎలా? అక్కడికక్కడే బాటరీ కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు తామే. సభ్యులు తోటల ఆసామి బసవపున్నారావు గారూ, బోర్డు గుమాస్తా భాస్కరరావూ.

నూజివీడు బజార్లో రెండు రకాల బాటరీలు దొరికాయి. ఒకటి సీమ సరుకు, ఒకటి స్వదేశీ. కమిటీ వారం రోజులు కూర్చుంది. ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకుండా కూర్చున్నారని ఊరంతా చెప్పుకున్నారు.

"మనల్ని రెండొందల ఏళ్లు ఏలినవాళ్ల సరుకండీ," అన్నారు బసవపున్నారావు గారు. "మన్నిక సంగతి వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

ప్రెసిడెంటుగారు ఖద్దరు ఉత్తరీయం సర్దుకున్నారు. "అంత కష్టపడి పంపించినవాళ్లని గొట్టంలో పెట్టుకుని మళ్లీ తెచ్చుకుంటామా?"

రెండు మాటలూ బాగున్నాయని భాస్కరరావు రెండూ రాసుకున్నాడు.

మంగమ్మ అరుగు కింద నిలబడి, ఏ రకమైనా ఫరవాలేదనీ, ఏ పురుటికైనా తను నడిచేది గడియసేపేననీ విన్నవించుకుంది. ప్రెసిడెంటుగారు కోప్పడలేదు.

"నీకు ఇవాళ్టి పురుడే కనపడుతుంది మంగమ్మా. మేము రాబోయే తరాల పురుళ్లు చూడాలి."

ఇంకా పుట్టని తల్లుల మీద కూడా ఆయనకి అంత దయ ఉన్నందుకు మంగమ్మ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

చివరికి శాస్త్రీయంగా పరీక్ష చేద్దామని నిర్ణయించారు. చీకటి పడితే సభ్యులు ఇళ్లలోంచి బయటికి రారు, దారిలో దీపాలుండవు గనక. అందువల్ల పరీక్ష మిట్టమధ్యాహ్నం పెట్టారు. ఎండలో లైటు వెలుగుతోందో లేదో తెలియలేదు. దాని మీద మామిడికాయల గంప బోర్లించి, సభ్యులు వంతులవారీగా వంగి చూశారు. భాస్కరరావు పావుగంటకోసారి 'వెలుగుచున్నది' అని రాశాడు. మొదటిరోజు స్వదేశీ బాటరీలు ఆరిపోయాయి. రెండోరోజు ఇంచుమించు అదే వేళకి సీమ బాటరీలూ ఆరిపోయాయి. బసవపున్నారావు గారికి నడుం పట్టేసింది.

ఏది గొప్పదో తేలక అందరూ దిగులుపడుతుంటే భాస్కరరావు సొరుగులోంచి మరో జత తీశాడు. దుకాణంవాడు కట్టిన కాగితం కూడా విప్పలేదు. వేసి చూస్తే కొత్తవాటిలాగే భగ్గుమన్నాయి. ప్రెసిడెంటుగారి మొహం కూడా అలాగే వెలిగింది. వెలిగించని బాటరీలే అన్నిటికన్నా ఎక్కువకాలం మన్నుతాయని కమిటీ ఏకగ్రీవంగా కనిపెట్టింది. పొరపాటున ఎవరైనా నొక్కుతారేమోనని లైటు ప్రెసిడెంటుగారి బీరువాలోనూ, బాటరీలు ఆఫీసు ఇనప్పెట్టెలోనూ పెట్టి తాళాలు వేశారు. అత్యవసరం అనిపించినవాళ్లు దరఖాస్తు రాసుకోవచ్చు.

తొలకరికి ముందు ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి గాలివాన కొట్టింది. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటుగారి కూతురు సీతారావమ్మకి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. ఇంట్లో దీపాలన్నీ గాలికి ఆరిపోయాయి. మంగమ్మ గోనెపట్టా కప్పుకుని, లాంతరు కొంగుచాటున పెట్టుకుని, కుంటికాలితో బురదలో పడుతూ లేస్తూ వచ్చింది.

ప్రెసిడెంటుగారు నిజాయితీపరులు. సొంత కూతురని చూడలేదు. దరఖాస్తు తామే రాసుకుని, తామే మంజూరు చేసుకున్నారు. బీరువా తాళంకప్ప కనపడకపోతే మంగమ్మ లాంతరు పట్టింది. లైటు తీసి నొక్కారు. వెలగలేదు. బాటరీలు ఆఫీసులో ఉన్నాయి, ఇనప్పెట్టె తాళంచెవి భాస్కరరావు మొలతాడుకి ఉంది, భాస్కరరావు బాపులపాడులో అత్తారింట్లో ఉన్నాడు.

లోపల్నుంచి సీతారావమ్మ కేక వినపడింది. ఆయన భార్య బసవమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మీ లైటు సంగతి తరవాత చూసుకుందురుగానండీ. ముందు ఆ లాంతరు ఇటు పంపండి."

బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మంగమ్మ చెమటలు కక్కింది. బసవమ్మ లాంతరు పక్కకి జరిపితే కసిరింది కూడా. జామైన తరవాత ఆడపిల్ల కెవ్వుమంది. వాకిట్లో లైటు పట్టుకుని నిలబడ్డ తాతగారు ఆ ఏడుపు విని కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు భాస్కరరావు వచ్చి బాటరీలు పరీక్షించి పై ఆఫీసుకి రిపోర్టు రాశాడు. అంతటి అత్యవసర పరిస్థితిని ఎదుర్కొని కూడా బాటరీల బలం వీసమెత్తు తగ్గలేదు.

నెల తిరగకుండా పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మళ్లీ సభ. ఈసారి మంగమ్మకి కుర్చీ వేశారు. ఉపన్యాసాలయ్యేసరికి పొద్దు వాలింది. ప్రెసిడెంటుగారు కాగితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని గంభీరంగా చదివారు:

"తరుగులేని వెలుతురు సాధించిన మీ గ్రామమును మిక్కిలి అభినందించుచున్నాము. ఇట్టి సౌకర్యము గల గ్రామమునకు కిరసనాయిలు కోటా అనవసరము గనుక, వచ్చే నెల నుండి అది రద్దు చేయబడినది."

ఆయన గొంతు ఎక్కడా తగ్గలేదు. జనం అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు. కిరసనాయిలు అన్న మాట వెనక వరసలకి చేరేసరికి కొంతమంది చేతులు మధ్యలో ఆగిపోయాయి.

ప్రశంసాపత్రం హర్షధ్వానాల మధ్య ఆమోదించడమైనదని భాస్కరరావు రాశాడు. సాక్షిగా మంగమ్మ చేత వేలిముద్ర వేయించడానికి పుస్తకం ఆమె ముందు పెట్టాడు. ఆమె బొటనవేలు పట్టుకుని, కాగితం మీద గీత కోసం కిందికీ పైకీ వెతికాడు. చివరికి పుస్తకం మూసేశాడు.

"ఏమీ కనపడటం లేదు మంగమ్మా," అన్నాడు. "రేపు పొద్దున్నే రా."