లైబ్రరీకి పచ్చని తాళం

మా ఊరి లైబ్రరీని పచ్చగా మార్చడానికి మున్సిపాలిటీ పెద్దలు రాసుకున్న పనులు ఇవి: లైబ్రరీ ముందున్న సిమెంటు దారి తవ్వేయాలి. గేటు నుంచి గుమ్మం దాకా వాన నీరు ఇంకే గుంటలు తీయాలి. గట్ల మీద గడ్డి వేయాలి. సీతాకోకచిలుకలకు పూలమొక్కలు నాటాలి. 'గడ్డి తొక్కరాదు' అని బోర్డు పెట్టాలి. రిబ్బన్ కత్తిరించాలి.

అన్నీ అయ్యాయి. మనుషులు లోపలికి ఎలా వెళ్లాలన్నది మాత్రం ఆ పనుల్లో లేదు. మరిచిపోయారని కొందరు గొణుగుతున్నారు. నేను ఒప్పుకోను! అంతమంది పెద్దలు కూర్చుని మరిచిపోతారా? ఇది దూరదృష్టి!

మీరే ఆలోచించండి. పుస్తకానికి అసలు శత్రువు ఎవరు? చెదపురుగా? కాదు, పాఠకుడు! పేజీ మూల మడుస్తాడు. వేలు తడి చేసుకుని మరీ తిప్పుతాడు. ఇప్పుడు చూడండి, ఒక్క కాగితం నలగడం లేదు. బల్లలు అరగడం లేదు. ఫ్యాన్లు తిరగవు కాబట్టి కరెంటు ఆదా. భూగోళాన్ని కాపాడటమంటే ఇదే కదా!

అయినా ఉండబట్టలేక ఈ తోటకు ప్లాను గీసిచ్చిన ల్యాండ్‌స్కేప్ కన్సల్టెంటుగారిని అడిగాను.

"సార్, దారెటండీ?"

"దారంటే కాంక్రీటు, కాంక్రీటంటే వేడి. చదువుకున్నవారు, మీరే ఇలా అడిగితే ఎలాగండీ?"

సిగ్గుపడ్డాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, దాని పరువు నేనే తీస్తే ఎలా? ఆ డిగ్రీ చదివింది ఆ లైబ్రరీ బల్ల మీదేనని ఆయనకు చెప్పలేదు.

లోపలికి వెళ్లే అనుమతి ఒక్కరికే ఉంది, లైబ్రేరియన్ మేడమ్‌కి. మేమంతా ఆవిణ్ణి 'ష్ మేడమ్' అంటాం. పాపం ఆవిడ పొద్దున, సాయంత్రం చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద సర్కస్ చేస్తూ వెళ్లొస్తుంది. "ష్" అనడానికి లోపల ఎవరూ లేరు. అందుకని వెనక సందువైపు కిటికీ తెరిచి పెట్టుకుంది.

మా చెల్లికి వచ్చే నెల పోటీ పరీక్ష. ఇంట్లో ఉన్నది ఒకటే గది, అందులో అమ్మ కుట్టుమిషన్, నానమ్మ టీవీ. అందుకే అది ఆ కిటికీ కింద నిలబడి చదువుతోంది.

"మేడమ్, లెక్కల పుస్తకం రెండో భాగం!"

"ఇదిగో, పట్టుకో. ముందు మొన్నటిది ఇటివ్వు. ఏయ్, బండొస్తోంది, గోడకి ఆనుకో తల్లీ! ఆనుకున్నావా? ఊఁ, ఇప్పుడు చదువు."

చూశారా, ఓపెన్ ఎయిర్ చదువు! ఇంతటి స్వచ్ఛమైన గాలి నాకు దక్కలేదు.

మొక్కల మీద నాకు కోపం లేదండీ. మొన్నటి వానకు మా వీధి మునగలేదు, ఆ పుణ్యం ఆ గుంటలదే. వాటి మీద రెండు చెక్కపలకలు అడ్డంగా వేయమని మేడమ్ అడిగింది. పరిశీలిస్తున్నారు. ఈలోగా వెనక గోడ బోసిగా ఉందని ఎవరికో తోచింది. వచ్చే వారం దాని నిండా తీగలు అల్లిస్తారట. వర్టికల్ గార్డెన్! కిటికీతో సహా.

తప్పకుండా వచ్చి ఆ పచ్చని గోడ ముందు ఫొటో దిగండి. దిగేముందు ఒక్కసారి ఆ ఆకుల వెనక ఒక మేడమ్ ఉందని గుర్తు చేసుకోండి. చేతిలో లెక్కల పుస్తకం మూడో భాగం పట్టుకుని నిలబడి ఉంటుంది.