సముద్రానికి కట్టిన జీపు

జీపు మళ్లీ జానెడు దూరం సముద్రం వైపు జరిగింది.

ముగ్గురూ కళ్లారా చూశారు. ఇంజను ఆపి ఉంది. బ్రేకు వేసి ఉంది. నాలుగు చక్రాలూ ఇరుసుల దాకా ఇసుకలో దిగి ఉన్నాయి. అయినా ఎవరో నీళ్లలో నిలబడి గుంజుకుంటున్నట్టు ఆ జీపు తూర్పుకేసి పోతూనే ఉంది. దాని వెనక కొక్కేనికి కట్టిన తాడు బిగుసుకుని, వణుకుతూ, అలల కిందికి వెళ్లి కనిపించకుండా పోయింది.

"సముద్రానికి చేతులుంటాయా, కామాక్షయ్యా?" అన్నాడు పద్మనాభయ్య, గొంతు తగ్గించి.

కామాక్షయ్య గూడూరు హైస్కూల్లో సైన్సు చెబుతాడు. జవాబు లేని ప్రశ్న ఆయనకు ఇంతవరకు ఎదురు కాలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, "ఈరోజు మాఘ పౌర్ణమి గదా. చంద్రుడి ఆకర్షణ ఎక్కువగా ఉంటుంది" అన్నాడు.

"ఆకర్షణ నీళ్లకు గదా సార్. జీపుకెందుకు?" అన్నాడు హజరత్తయ్య. ఆయన గూడూరు నుంచి మద్రాసుకు నిమ్మకాయల లారీ తోలుతాడు. జీపు నడుపుతున్నదీ ఆయనే.

ఆకర్షణ ఎవరిదైనా, మునిగేది పద్మనాభయ్య ఉద్యోగం. ఆయన గూడూరులో ఒక అభ్రకం కంపెనీకి స్టోరు గుమాస్తా. జీపు యజమాని చెంచయ్య గారిది. క్లచ్చి బాగు చేయించడానికి నెల్లూరు తీసుకుపోతున్నానని చెప్పి, ఇద్దరు స్నేహితులనూ ఒక కాన్వాసు గుడారాన్నీ ఎక్కించుకుని మైపాడు సముద్రతీరానికి వచ్చాడు. సోమవారం ఎనిమిది గంటలకు జీపు షెడ్డులో లేకపోతే, పదకొండేళ్ల నౌకరీ ఆ రోజుతో సరి.

అయినా ముందురోజు సాయంత్రం ఆయనకు ఆ భయం గుర్తు రాలేదు. మైపాడుకు మైలు అవతల, సరుగుడు తోపులో గుడారం వేశారు. చంద్రుడు నీళ్లలోంచి ఎర్రగా లేచి, చూస్తుండగానే తెల్లబడ్డాడు. కనుచూపు మేర తీరం మీద మరో మనిషి లేడు. ముగ్గురూ అన్నం ముద్దలు చేతుల్లో పట్టుకుని తినడం మరిచిపోయారు. "పుట్టి నలభై ఏళ్లయింది. ముప్పై మైళ్ల దూరంలో ఇది ఉందని ఎవరూ చెప్పలేదే" అన్నాడు పద్మనాభయ్య.

తెల్లవారగానే ఉత్తరంగా తీరం వెంట పోయి పెన్న సముద్రంలో కలిసే చోటు చూడాలని పథకం. రోడ్డు లేదు. నాలుగు చక్రాలూ లాగేదే ఫోర్ వీల్ జీపు, రోడ్డు లేకపోయినా పోతుంది అన్నాడు హజరత్తయ్య. సరిగ్గా వంద గజాలు పోయింది. ఫోర్ వీల్ గేరు వేశాడు. వెనక చక్రాలు ఇసుక తోడాయి, ముందు చక్రాలు ఊరికే చూస్తూ కూర్చున్నాయి. ఈలోగా సముద్రం పోటెక్కి, నీళ్లు జీపు వైపు రావడం మొదలైంది.

అప్పుడే కామాక్షయ్యకు ఇసుకలో పాతిన గుంజ, దానికి కట్టిన లావుపాటి తాడు కనిపించాయి. తాడు రెండో కొస సముద్రంలోకి పోయి ఉంది. "ఆ కొసన లంగరు ఉండి తీరాలి. అంతంత ఓడలే లంగరుతో నిలబడతాయి, జీపెంత?" అని తాడును గుంజ నుంచి ఊడదీసి, జీపుకు మూడు ముడులు వేశాడు. జీపు ప్రయాణం ఆ తర్వాతే మొదలైంది.

ఇంకో జానెడు జరిగింది. వెనక చక్రాలను అల తడిపింది. హజరత్తయ్య చెప్పులు విడిచి, సముద్రానికి దణ్ణం పెట్టాడు.

"ఎవురు నాయనా మీరు? మా వలను బండికి కట్టుకోనుండారు?"

చంకలో గంపతో ఒక ముసలామె నిలబడి ఉంది. పక్క పాళెం మనిషి, పేరు పోలేరమ్మ.

"వలా? ఇది లంగరు కాదా?" అన్నాడు కామాక్షయ్య.

"అలివి వల సామీ. ఈ కొస గుంజకు కట్టి, ఆ కొస పడవలో తీసకపోయి, సముద్రంలో చుట్టు తిప్పి, అదో, ఆ వంపు అవతల ఒడ్డుకు తెచ్చినాం. ఆడ అరవై మంది లాగతా ఉండారు. ఏంది ఇంత బరువని అందురూ బిత్తరపోయినారు. మా ముత్యాలయ్య తిమింగలమే పడిందని గంగమ్మకు మొక్కుకున్నాడు గూడా." ఆమె జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఇదా తిమింగలం."

కబురు వంపు దాటింది. ఊరి పెద్ద గంగులయ్య ముప్పై మందితో వచ్చాడు. కోప్పడలేదు. తాడు విప్పించి తన మనుషుల చేతికిచ్చి, "వల నీళ్లలో ఉండగా తాడు ముట్టినోళ్లు, అది ఒడ్డెక్కే దాకా వదలకూడదు. పట్టుకోండి" అన్నాడు ముగ్గురితో.

పట్టుకున్నారు. తర్వాత రెండు గంటలు పద్మనాభయ్య లోకాన్ని మరిచిపోయాడు. ముందు ఒకడు పదం ఎత్తుకునేవాడు, వెనక అందరూ అందుకునేవారు. ఆ పాటకు అడుగులు వాటంతట అవే వెనక్కి పడ్డాయి. తాడులో సముద్రం కదలడం అరచేతులకు తెలిసింది. చివరికి వల సంచి నురగలోంచి పైకి తేలినప్పుడు, ఎండకు ఆ చేపల మీద కళ్లు నిలవలేదు. వేలకు వేలు, ఒక్కటే ఒళ్లుగా ఎగిరెగిరి పడుతున్నాయి. కామాక్షయ్య ఏదో వివరించబోయి నోరు మూసుకున్నాడు. స్నేహితులు ఆ వింత మొదటిసారి చూశారు.

ఆ వెంటనే అదే జనం జీపు మీద పడ్డారు. పడవలను ఒడ్డుకెక్కించే సరుగుడు దుంగలు చక్రాల కింద తోశారు. అదే పాట, అవే అడుగులు. జీపు నీళ్లను వదిలి, ఊరేగింపు రథంలా గట్టి ఇసుక మీదికి నడిచి వచ్చింది. పద్మనాభయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. ఉద్యోగం నిలిచింది.

"ఏమయ్యా పద్మనాభం. నెల్లూరులో సముద్రం ఎప్పుడొచ్చింది?"

తడి పంచె, నుదుట విభూతి. చెంచయ్య గారు. మాఘ పౌర్ణమికి సముద్రస్నానం చేద్దామని, జీపు రిపేరులో ఉంది గనక బస్సులో నిలబడి వచ్చాడు. ఏదో జీపును సముద్రం లాక్కుపోతోందని రేవులో జనం చెప్పుకుంటుంటే, చూద్దామని మైలు దూరం నడిచాడు.

పద్మనాభయ్య నోరు తెరిచేలోగా గంగులయ్య చెయ్యి ఎత్తాడు. "అయ్యా, మీ పంచాయితీ తర్వాత. మా కట్టుబాటు ఒకటుండాది. వల తాడు గుంజ నుంచి విప్పడం తప్పు. తప్పుకు మూలమైనోడి పేరు, మోకాటి లోతులో నిలబడి, సముద్రానికి వినపడేటట్టు చెప్పాల. చెప్పిందాకా చేప పంచం."

వంద మంది చేపల చుట్టూ కూర్చున్నారు. ఎండ ఎక్కుతోంది.

"తాడు విప్పింది నేనే. జీపు దిగబడినందుకే గదా విప్పింది" అన్నాడు కామాక్షయ్య.

"దింపింది నేనే. ఫోర్ వీల్ పట్టలేదు, నేనేం చేసేది?" అన్నాడు హజరత్తయ్య.

"కొమ్మల పేర్లు సముద్రానికెందుకు నాయనా, మూలం చెప్పండి" అంది పోలేరమ్మ.

చెంచయ్య గారికి ఇది నచ్చింది. "అట్ట అడుగమ్మా. నా జీపు కొండలెక్కినది. దాన్ని పాడు చేసినోడెవుడో నాకూ తెలియాల. వాడికి రేపట్నుంచి నా కంపెనీలో అన్నం లేదు. చెప్పేదాకా నేనూ ఇక్కడే కూర్చుంటా" అని ఇసుకలో చతికిలబడ్డాడు.

హజరత్తయ్య దుంగల మధ్య దూరి, జీపు కిందంతా చూసి బయటికొచ్చాడు. "అన్నా, పాడు కాలేదు. ముందు చక్రాలకు పోయే షాఫ్టే లేదు, ఇంక ఫోర్ వీల్ ఏం పడతాది. గొట్టం మాదిరి ఉంటాది, ఇంత పొడుగు. ఎవురో పీకేసినారు. పెట్రోలు కలిసొస్తాదని కొందరు పీకిస్తారు."

పద్మనాభయ్యకు ఆ గొట్టం తెలుసు. రెండేళ్లుగా స్టోరు తలుపు గాలికి కొట్టుకోకుండా దాన్నే అడ్డం పెడుతున్నాడు. దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి, "లోపల పడెయ్. ఎవురికీ చెప్పబాక" అని చేతికిచ్చిన మనిషి కూడా గుర్తున్నాడు.

ఆ మనిషి ఇప్పుడు ఇసుకలోంచి మెల్లగా లేస్తున్నాడు. "పద్మనాభం, ఎండగా ఉంది. పోదాం పదవయ్యా. క్లచ్చి బాగానే చేయించినావు."

పద్మనాభయ్య ఆయన వైపు చూశాడు. పదకొండేళ్లుగా చూస్తున్న ముఖమే. చేపల చుట్టూ కూర్చున్న జనాన్ని చూశాడు. వాళ్ల వెనక అంతు లేని నీళ్లను చూశాడు. తాడు ఒరిపిడికి అరచేతులు ఇంకా మండుతున్నాయి. పంచె ఎగగట్టి, మోకాటి లోతుకు నడిచి, తూర్పుకు తిరిగి నిలబడ్డాడు. ఒక అల వచ్చి పోయేదాకా ఆగాడు.

"చెంచయ్య గారు" అన్నాడు గట్టిగా.

ఉద్యోగం పోయే చోట కూడా 'గారు' మానలేదు.