గ్లెనిస్ కుదుర్చుకున్న లాయరు

ఆ శనివారం పొద్దున గ్లెనిస్ హెప్‌వర్త్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఇళ్ల ఏజెంటు దగ్గర కొనబోయే ఇంటికి సంతకాలు, పదిన్నరకి ఒక లాయరును కుదుర్చుకోవడం, పన్నెండింటికి భర్త క్లైవ్‌తో కూర్చుని వేయించిన చేప, చిప్స్ తినడం. ఇంగ్లండులోని మా ఊరు హడర్స్‌ఫీల్డ్‌లో ఇరవై రెండేళ్లుగా ఒకే అద్దె ఇంట్లో ఉన్నారు. ఇప్పుడా యజమాని ఇల్లు అమ్మేసుకుంటానని, సెప్టెంబరు ఆఖరుకు ఖాళీ చెయ్యమని నోటీసు పంపాడు. బడి వంటశాలలో వంట చేసే గ్లెనిస్‌కీ, బస్సు నడిపే క్లైవ్‌కీ యాభై దాటాక ఒక బ్యాంకు ఇంటి అప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది. సెప్టెంబరు ముప్పైలోగా ఇల్లు చేతికి రాకపోతే ఆ అప్పు రద్దు. ఈ వయసులో ఇంకే బ్యాంకూ వాళ్ల మొహం కూడా చూడదు.

ఏజెంటు క్రెయిగ్ నలభై ఏళ్లవాడు, బిగుతు సూటువాడు. సంతకాలు కాగానే ఒక రంగుల కాగితం ముందుకు తోశాడు.

"లాయరు సంగతి మాకొదిలెయ్యండి మేడం. మా వాళ్లున్నారు. చకచకా చేసేస్తారు."

"వాళ్ల దగ్గరికి నన్ను పంపితే నీకెంత ముడుతుంది?" అంది గ్లెనిస్.

క్రెయిగ్ టై సర్దుకున్నాడు. "అదేం... అందరూ చేసేదే కదండీ."

గ్లెనిస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇల్లు అమ్మేవాళ్ల దగ్గర తీసుకుంటావు, ఆ లాయరు దగ్గర తీసుకుంటావు, ఇంకెవరి దగ్గర తీసుకుంటావు? వీధిలో పోయే కుక్క దగ్గరా?" అని లేచింది. బయటికొచ్చాక వీధిలో నిలబడి ఒట్టు పెట్టుకుంది. ఆ ఏజెంటు పేరున్న కాగితం ఏదొచ్చినా విప్పి చూడదు. ఆ మాట ఆమె అక్షరాలా నిలబెట్టుకుంది. క్రెయిగ్ పంపిన ప్రతి కవరూ గుమ్మం నుంచి నేరుగా చిత్తుకాగితాల డబ్బాలోకి పోయింది.

ఆమె కుదుర్చుకున్నది పెవరెల్ గారిని. బేకరీ మీద మెట్లెక్కితే ఆయన ఆఫీసు. ముప్పై ఐదేళ్లుగా ఊళ్లో ఇళ్ల కాగితాలు చూస్తున్నాడు. ఫోను మోగితే ఆయనే ఎత్తుతాడు, కాగితం వస్తే ఆయనే చదువుతాడు. చదివిన ప్రతి గీత మీదా వేలు పెట్టి ప్రశ్న అడుగుతాడు. టీ ఇచ్చి, "కంగారు పడకమ్మా, నీ ఇల్లు నీకు వస్తుంది" అన్నాడు. గ్లెనిస్ ఇంటికొచ్చి క్లైవ్ ముందు గంటసేపు ఆయన్ను పొగిడింది.

మూడోనాడు బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. పెవరెల్ గారు బ్యాంకు ఆమోదించిన లాయర్ల జాబితాలో లేరట.

"నా డబ్బు, నా ఇల్లు, నా లాయరు!" అని ఫోనులో అరిచింది గ్లెనిస్.

"డబ్బు మాది కదా మేడం," అంది అవతలి గొంతు.

ఆ మాట నిజమే, అందుకే ఆమెకు ఇంకా మండిపోయింది. పెవరెల్ గారు మాత్రం నవ్వి ఊరుకున్నాడు. "చిన్న ఆఫీసని నన్ను తీసేశారమ్మా. పెద్దవాళ్లెవరినైనా చూసుకో" అన్నాడు. గ్లెనిస్ ఆ జాబితా ముందేసుకుని క్రెయిగ్ చెయ్యి చేరలేనంత దూరం ఎక్కడుందా అని వెతికింది. దేశం చివర కొసన ఉన్న ట్రూరో ఊళ్లో ఒక లాయర్ల కంపెనీ దొరికింది. లాయరును మైళ్ల లెక్కన ఎంచుకున్న మనిషి మా ఊళ్లో ఆమె ఒక్కతే.

ట్రూరోకు ఫోను చేస్తే ముందు పాటలు, తర్వాత "మీరు వరుసలో పదకొండో వారు" అని ఒక గొంతు, ఆఖర్న ఎవరో కొత్త మనిషి. మొదటివారం చూసినవాడు మానేశాడు, రెండోవారం ఆవిడ సెలవు పెట్టింది, మూడోవారం వాళ్లకు గ్లెనిస్ ఎవరో కూడా తెలియదు. పైగా ఆమె పాస్‌పోర్టు నకలు మీద స్థానిక లాయరెవరైనా సంతకం పెట్టి పంపాలన్నారు.

గ్లెనిస్ పళ్లు నూరుకుంటూ మళ్లీ బేకరీ మెట్లెక్కింది.

"రా తల్లీ," అన్నాడు పెవరెల్. "నీ పని చెయ్యడానికి పనికిరాను గానీ, నువ్వు నువ్వేనని చెప్పడానికి పనికొస్తానన్నమాట."

ఆగస్టు గడిచిపోయింది. "అమ్మేవాళ్ల లాయరు జవాబివ్వడం లేదు" అని ట్రూరో వాళ్లు ప్రతి సోమవారం చెప్పారు. సెప్టెంబరు పదహారున కొత్త గొంతొకటి ఫోను చేసి చల్లగా చెప్పింది. "మేడం, అమ్మే మిసెస్ రిడ్లీ కూడా మా క్లయింటేనట. ఇద్దరి తరఫునా మేం పని చెయ్యకూడదు. ఒకరు వేరే లాయరును చూసుకోవాలి."

"రెండు నెలలు నా పని చేసి ఇప్పుడా చూసేది? మీ దగ్గర కళ్లున్నవాళ్లెవరూ లేరా?"

ఆ కోపంలోనే క్రెయిగ్‌కు ఫోను చేసి నిప్పులు కక్కింది.

"అమ్మేవాళ్ల లాయరెవరో మొదటి వారంలోనే మీకు రాసి పంపాను కదండీ," అన్నాడు క్రెయిగ్. "మీరు చూడలేదా?"

గ్లెనిస్ ఫోను పెట్టేసింది. క్లైవ్ పేపరు చాటునుంచి, "డబ్బాలో వేశావుగా," అన్నాడు.

"నోరు మూసుకో క్లైవ్."

"నేనేమన్నాను? గురి తప్పకుండా వేశావంటున్నా, అంతే."

మా ఊళ్లో ఇల్లు కొనేవాళ్లు అమ్మేవాళ్ల గుమ్మం తొక్కరు. ఏమున్నా ఏజెంటు నోటితో, లాయరు చేత్తో జరగాలి. గ్లెనిస్ ఆ మర్యాదను కోటు కొక్కేనికే తగిలించి, కోటు మాత్రం వేసుకుని మిసెస్ రిడ్లీ తలుపు దబదబా బాదింది. తలుపు తీసిన పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా నా ఇల్లు కొంటానని నన్ను ఏడిపిస్తున్నదానివి? కొనేవాళ్ల లాయరు జవాబివ్వడం లేదని రెండు నెలలుగా చెబుతున్నారు! ట్రూరోలో ఉండే మా అక్క చెప్పిందనే ఆ లాయర్లను పెట్టుకున్నాను, ఆవిడేమో నా కోసం గది సిద్ధం చేసి కూర్చుంది!"

"నేనా? నాకేమో మీరే జవాబివ్వడం లేదని చెబుతున్నారు!"

మిసెస్ రిడ్లీ తలుపు బార్లా తీసి ఆమెను వంటింట్లోకి తీసుకెళ్లింది. ట్రూరోలో ఒకే అంతస్తులో రెండు బల్లల దగ్గర ఇద్దరు మనుషులు ఒకరి ఉత్తరం కోసం ఒకరు ఎదురుచూస్తూ వేసవి మొత్తం గడిపేశారు. ప్రహరీగోడ ఎవరిది, నీటి గొట్టం ఎక్కడ, చిమ్నీ ఎప్పుడు బాగు చేయించారు అన్న రెండు నెలల ప్రశ్నలకు వంటింటి బల్ల దగ్గర ఇరవై నిమిషాల్లో జవాబులొచ్చాయి.

"నాకు బ్యాంకు అప్పు లేదు," అంది మిసెస్ రిడ్లీ. "లాయరును మార్చాలంటే నేనే మారతాను. నన్ను ఏ జాబితా ఆపుతుంది? ఊళ్లో మంచివాడెవరైనా తెలుసా నీకు?"

గ్లెనిస్ ఊపిరి తీసుకోకుండా పెవరెల్ గారిని పది నిమిషాలు పొగిడింది. మర్నాడే మిసెస్ రిడ్లీ ఆయన్ను కుదుర్చుకుంది. గ్లెనిస్‌ను అట్టిపెట్టుకోవడానికి ఇద్దరి అంగీకారం తీసుకుని ట్రూరో వాళ్లు ఒప్పుకున్నారు. వారంలో ఒప్పందం కుదిరింది. అప్పగింత సెప్టెంబరు ముప్పై.

ఆ రోజు పన్నెండు దాటేసరికి పాత ఇల్లు ఖాళీ. సామానంతా ఎక్కించిన వ్యాను కొత్త ఇంటి ముందు వానలో నిలబడి ఉంది. మిసెస్ రిడ్లీ తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇవ్వాలనే ఉందమ్మా. డబ్బు తన ఖాతాలో పడేదాకా ఎవరికీ ఇవ్వొద్దని మా లాయరు ఒట్టు వేయించుకున్నాడు."

బ్యాంకు డబ్బు ట్రూరోకు పొద్దున్నే చేరింది. నాలుగింటిలోగా అక్కణ్ణుంచి కదలకపోతే వెనక్కి పోతుంది, దాంతో పాటు ఇల్లూ పోతుంది. ట్రూరోకు ఫోను చేస్తే గ్లెనిస్ వరుసలో పద్నాలుగోది. రెండింటికి కూడా పద్నాలుగోదే. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటి మీద కూడా కోపమొచ్చి, తుడుచుకుని బేకరీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

"తాళంచెవి ఇప్పించండి! సామానంతా వానలో ఉంది!"

"అది కుదరదమ్మా," అన్నాడు పెవరెల్, కాస్త నొచ్చుకుంటూనే. "నువ్వు నా క్లయింటువైతే పొద్దున తొమ్మిదికే వాళ్ల వెంట పడేవాణ్ణి. కానీ నువ్వు కావు. నా క్లయింటుకు ఒక్కటే కావాలి, ఆమె డబ్బు ఆమెకు చేరాలి." అంటూ ఆగిపోయాడు. గడియారం చూశాడు. "చేరలేదు కదూ."

ఫోను ఎత్తాడు. లాయర్లు లాయర్లతో మాట్లాడుకునే నంబరు ఒకటి వేరే ఉంటుందని గ్లెనిస్‌కు అప్పుడే తెలిసింది. దానికి పాటలు లేవు, వరుస లేదు. ఒక్క గట్టి మాట అనకుండా, ఒక్కసారి గొంతు పెంచకుండా, పావుగంటసేపు ఆయన ట్రూరో పెద్దమనిషికి చెమటలు పట్టించాడు. మూడూ నలభైకి డబ్బు వచ్చింది. నాలుగింటికి తాళంచెవి గ్లెనిస్ చేతిలో పడింది.

ఊళ్లోకెల్లా మంచి లాయరు పెవరెల్ గారేనని గ్లెనిస్ ఇప్పటికీ కనబడ్డవాళ్లకల్లా చెబుతుంది. ఎవరి లాయరో మాత్రం చెప్పదు.