మేడమీద నా కొత్త ఉద్యోగం

తేనెటీగలు పోవడం మన అదృష్టం. ఊరికే అనడం లేదు, అనుభవం మీద అంటున్నాను. మా మేడమీద వాటి ఉద్యోగం ఇప్పుడు నాదే.

మా అపార్ట్‌మెంట్ సన్‌షేడ్ కింద ఒక తేనెపట్టు ఉండేది. అందులోని ఈగలు ఎవరినీ కుట్టిన దాఖలా లేదు. అయినా సెక్రటరీగారికి దాన్ని చూస్తే ఒళ్ళు జలదరించేది. ఒక ఆదివారం పురుగుల మందు కొట్టే మనిషిని పిలిపించారు.

"పట్టు ఒక్కటే తీయమంటారా, మొత్తం కొట్టమంటారా?" అని అడిగాడతను.

"ఎలాగూ వచ్చావుగా, మొత్తం కొట్టెయ్."

మొత్తమంటే మొత్తమే. తుమ్మెదలు, సీతాకోకచిలుకలు, పేరు తెలియని పురుగులు అన్నీ పోయాయి. ఎంత ప్రశాంతత! దోమలు మాత్రం మర్నాటికే తిరిగొచ్చాయి. వాటి పట్టుదలను మెచ్చుకోవాలి.

అప్పటికే మా వదిన మేడమీద గుమ్మడి తీగ పాకించింది. పోయిన ఏడాది కాలం చేసిన మా అన్నయ్య దాచిన విత్తనాలవి. ఉన్నవన్నీ నాటేసింది. కాయ కాస్తేనే మళ్ళీ విత్తనం.

పూలు విరగబూశాయి, పిందె నిలవలేదు. నర్సరీ ఆయన్ని అడిగితే, "మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి అంటాలమ్మా. ఈగలు లేకపోతే మనిషే అంటించాలి" అన్నాడు.

వదిన నా వంక చూసింది. ఇంట్లో పనీపాటా లేనిది పేపర్లో కాలమ్ రాసుకునే నాకే కదా!

అలా నాకు ప్రమోషన్ వచ్చింది. తెల్లవారగానే బొమ్మలు వేసే బ్రష్ పట్టుకుని పువ్వుపువ్వుకీ వంగేవాణ్ణి. "మరిదీ, ఆ మూలది వదిలేశావు" అనేది వదిన కుర్చీలోంచి. తేనెటీగ మీద ఇలాంటి సూపర్‌వైజర్ ఎప్పుడైనా ఉందా?

నాలుగు రోజులకు ఒక పిందె నిలిచింది. సెక్రటరీగారు చూసి మురిసిపోయారు. "ఈగలు లేకపోయినా ప్రకృతి సర్దుకుంది, చూశారా?"

ఒప్పుకున్నాను. ప్రకృతి అంటే నా నడుమన్నమాట.

ఐదోరోజు నాకు జ్వరం వచ్చింది. వారం మంచం దిగలేదు. మోకాళ్ళ నొప్పులతో వదిన వంగలేదు. పూసిన పూలు పూసినట్టే రాలాయి. ఒక ఈగకు జబ్బు చేస్తే ఇంకో ఈగ, దానికీ తీరకపోతే తుమ్మెద, తుమ్మెద రాకపోతే సీతాకోకచిలుక వచ్చేది. అంతమంది పనిచేసే ఆఫీసు మూయించి, నడుంనొప్పి మనిషిని ఒక్కణ్ణి పెట్టుకున్నాం. దీన్నే స్థిరత్వం అంటున్నారు.

నేను లేచేసరికి పూత అయిపోయింది. చివరికి తీగకు ఆ ఒక్క కాయే మిగిలింది. వదిన దాన్ని ముదరనిచ్చి, కోసి, గింజలు కడిగి ఆరబెట్టింది. చాలాసేపు వాటి పక్కనే కూర్చుంది.

సెక్రటరీగారు వచ్చి, మా బాల్కనీలోనూ వేస్తాం, నాలుగు గింజలిమ్మన్నారు. వదిన లెక్కపెట్టకుండా గుప్పెడు ఇచ్చింది.

"వేసుకోండి అన్నయ్యగారూ. పూత మొదలయ్యాక మాత్రం మా మరిదిని అడక్కండి. ఆయన్ని పిలవాలి, బతిమాలాలి, కాఫీ ఇవ్వాలి. ఆ ఈగలయితే పిలవకుండానే వచ్చేవి."